రిస్మా తాళం

రిస్మాకు అన్నిటికన్నా భయం, పదిమందిలో నవ్వులపాలు కావడం. ఆ మధ్యాహ్నం సరిగ్గా అదే జరిగింది.

"తాళం తియ్యకుండా ఇంటికెళ్ళి కూర్చున్నావా తల్లీ?" ఫోనులో మేస్త్రి గునాది కేకలు. "ఇక్కడ పదకొండు లారీల కర్రపెండలం ఎండకి మాడుతోంది. నీ వేలికోసం మిల్లు మిల్లంతా నోరు తెరుచుకుని చూస్తోంది!"

నిజమే. రిస్మా తాళం సంగతే మరిచిపోయింది.

దుంపలు కడిగే డ్రమ్ములో పీచు చిక్కుకుంటే మనిషి దిగి లాగాలి. దిగేముందు తన ఫోను మీద వేలు పెట్టి, డ్రమ్ము తిరగకుండా దానికి తాళం వెయ్యాలి. మళ్ళీ ఆ ఫోను మీద ఆ వేలే పడేదాకా డ్రమ్ము కదలదు. మేస్త్రి మొత్తుకున్నా కదలదు, యజమాని కారు దిగి వచ్చినా కదలదు. పొద్దున రిస్మా, యాతెమి కలిసి దిగారు. యాతెమిది పాత బటన్ల ఫోను, దానికి ఈ విద్యలు రావు. అందుకని ఎప్పుడూ రిస్మా తాళం మీదే ఇద్దరూ దిగేవారు.

నమాజు వేళకు యాతెమి పైకెక్కి, "నాలుగు మెతుకులు తినేసి వస్తా. మిగిలింది తర్వాత చూద్దాంలే" అని వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే అత్తగారి ఫోను. పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేస్తున్నాడు. రిస్మా పని సగంలో వదిలేసి, గేటు దగ్గర ఎవరిదో మోటారుసైకిలెక్కి ఇంటికి వచ్చి పడింది.

"పిల్లాడికి జ్వరమయ్యా..."

"పిల్లలు నీ ఒక్కదానికేనా ఉన్నది? నాకు నలుగురు! డ్రమ్ము మూత తెరిచే పోతే నేను మూశా, దాని దగ్గర చెప్పులు కూడా వదిలేసి పోయావు. వాటినీ నేనే మోసుకురానా? గ్రూపులో పెట్టా, చూసుకో."

రిస్మా వాట్సాప్ తెరిచింది. డ్రమ్ము మూత పక్కన ఒక జత నీలం రబ్బరు చెప్పులు. కింద అందరూ చేరి వేడుక చేసుకుంటున్నారు.

"మహారాణి గారి పాదుకలు. దణ్ణం పెట్టుకోండి."

"తాళం మరిచింది, చెప్పులు మరిచింది. మొగుణ్ణయినా గుర్తుపడుతుందా?"

"ఎనిమిదో తరగతితో బడి మానేసిందిగా. వేలిముద్ర వెయ్యడం ఒక్కటే వచ్చు, ఇవాళ అదీ మరిచింది."

ఆ చివరి మాట దగ్గర రిస్మా కళ్ళు మసకబారాయి. ఫొటో పెద్దది చేసి చూసే ధైర్యం లేక మూసేసింది. తన పాదాల వంక చూసుకుంది. ఉత్త కాళ్ళు. వేళ్ళ సందుల్లో బురద. ఎలా వచ్చిందో, ఏం తొడుక్కుని వచ్చిందో తనకే గుర్తు లేదు. సోమవారం సంతలో ఆడవాళ్ళందరూ కొనేవి ఆ నీలం చెప్పులే.

"నీవేగా?" గునాది గద్దించాడు.

"నావేనయ్యా. తప్పయిపోయింది."

"లోపల ఎవరూ లేరుగా?"

"ఎవరూ లేరయ్యా. యాతెమక్క ముందే పైకొచ్చేసింది. ఆఖరున వచ్చింది నేనే."

"అయితే తియ్యి. తొందరగా! డ్రైవర్లు నన్ను నమిలేస్తున్నారు."

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. "ఏమిటే ఆ గోల? ఎవరు తిడుతున్నారు నిన్ను?"

"ఏం లేదత్తయ్యా. మిల్లు పని."

ఫోనులో ఎప్పటి ప్రశ్నే వచ్చింది. డ్రమ్ము ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూశారా? రోజూ దాన్ని చదవకుండానే నొక్కేది. ఇవాళ ఇంకా తొందరగా 'అవును' నొక్కి, వేలు పెట్టింది. తెర మీద ఎర్ర గుర్తు ఆకుపచ్చగా మారింది.

"ఆఁ, తాళం ఊడింది! బతికించావు," అన్నాడు గునాది. "ఇదుగో, మీట వేస్తున్నా. ఇంకోసారి ఇలా చేశావో, ఆ చెప్పులు గేటుకి వేలాడగడతా."

ఫోను పెట్టేశాడు. గ్రూపులో మళ్ళీ నవ్వుల బొమ్మలు. రేపు ఆ గేటు దాటి లోపలికి ఎలా వెళ్ళాలా అనుకుంటూ రిస్మా గోడకు చేరగిలబడింది. దూరంగా మిల్లు సైరను అందుకుంది. డ్రమ్ము తిరగడానికి ముందు రెండు నిమిషాలు అది అలా మోగుతుంది.

అత్తగారు చిన్న ఉల్లిపాయలు నూరి, కొబ్బరినూనెలో కలిపి పిల్లాడి నుదుటికి పట్టిస్తోంది. "వాడు కళ్ళు తెరిచాడే. ఏడుపు మాని, గుడ్డ తడిపి తీసుకురా."

రిస్మా కళ్ళు తుడుచుకుని, గిన్నె తీసుకుని పెరటి కుళాయి వైపు బయలుదేరింది. గడప దగ్గర కాలు ఆగిపోయింది.

మెట్టు మీద అత్తగారి తోలు చెప్పులు. పక్కన పిల్లాడి బుల్లి బూట్లు. వాటి పక్కన, తడి బురదతో, ఒక జత నీలం రబ్బరు చెప్పులు. ఎడమదాని పట్టీకి ఇనుప తీగ. మొన్న ఆ తీగ కట్టుకున్నది తనే.

మరి ఆ ఫొటోలోవి ఎవరివి? మిగిలింది తర్వాత చూద్దాంలే అంది యాతెమి. తినేసి వచ్చి ఉంటుంది. డ్రమ్ము మీది తెరలో రిస్మా పేరుతో తాళం ఇంకా ఉండడం చూసి, రిస్మా ఇంకా లోపలే ఉందనుకుని, చెప్పులు విడిచి దిగి ఉంటుంది.

రిస్మా ఫోను చేస్తూనే ఉంది. లారీల హారన్లలో గునాదికి వినబడటం లేదు. గ్రూపులో పెట్టిన మాట నవ్వుల కింద ఎక్కడికో పోయింది. సైరను ఇంకా మోగుతోంది. అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా ఆ మిల్లుకు దగ్గర్లో ఉంటే పరిగెత్తండి, ఆ మూత తీసి యాతెమి లోపలుందేమో చూడండి.