కొత్త పికప్‌లు

“వైర్లు ఊరికే మెలిపెట్టి వదిలేశావేంటి? అతికించడం కూడా చేతకాదా?” గిటార్ వెనక మూత తీసి చూసి బావ మూతి విరిచాడు.

తీగల మోతని పట్టి స్పీకర్‌కి పంపే పాత పికప్‌లు గుయ్యిమంటూ తన వాయింపుని పాడుచేస్తున్నాయని, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా స్పష్టంగా పలికే కొత్తవి ఆయనే ఏరాడు. “నీ చెవులకి తేడా ఏం తెలుస్తుందిలే” అని కూడా అన్నాడు.

“ముందు వాయించు బావా,” అంది రిపేరు చేసే మరదలు.

వాయించాడు. జారిన వేలు, తప్పిన తాళం, సగంలో మూగబోయిన తీగ, అన్నీ గది నిండా వినిపించాయి.

బావ గొంతు సవరించుకున్నాడు. “వీటిలో పస లేదు. పాతవే పెట్టెయ్.”

మెలిపెట్టిన వైర్లను ఆమె రెండు వేళ్లతో విప్పేసింది. బల్ల మీద పాత పికప్‌ల పక్కనే వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ అప్పటికే వేడెక్కి ఉండటం బావ చూశాడు.

“ఈ పాతవాటిని మాత్రం గట్టిగా అతికిస్తాలే బావా.”