విలన్ మర్చిపోయిన మాట

"కట్! యోగానంద్ గారూ, మళ్లీ మర్చిపోయారా?"

డైరెక్టర్ కిరీటి హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు. కెనడాలోని రెజైనా నగరం బయట గోధుమ చేల మధ్య వేసిన చెక్క ఇళ్ల సెట్ అది. ఎండ వాలిపోతోంది.

"సారీ," అన్నాడు యోగానంద్, నల్ల టోపీ సర్దుకుంటూ.

కెనడాలో తీసే కౌబాయ్ సినిమాల్లో అతనెప్పుడూ విలనే. గుర్రం మీద వస్తాడు, బెదిరిస్తాడు, హీరో తూటాకి పడిపోతాడు. ఒక్క టేక్‌లో చచ్చిపోతాడని పేరు. ఇన్నేళ్లకి తెలుగులో ఓ కౌబాయ్ సినిమా దొరికింది. ఇందులో విలన్‌కి తల్లి కూడా ఉంది. పారిపోయి వచ్చిన కొడుకు చెంప నిమిరి ఆమె, "తిన్నావా నాన్నా?" అంటుంది. అతను "లేదమ్మా" అనాలి. అంతే.

ఆ ఒక్క మాట దగ్గరే మధ్యాహ్నం నుంచీ ఆగిపోతున్నాడు.

"లైట్ పోతోంది సర్!" కిరీటి గొంతు పెంచాడు. "లాస్ట్ టేక్. అవ్వకపోతే అమ్మ సీన్ లేపేస్తా. మామూలుగా కాల్చి చంపేస్తాం మిమ్మల్ని."

తల్లి వేషం వేస్తున్న చాముండేశ్వరి దగ్గరికొచ్చింది. "నిజంగానే గుర్తు రావట్లేదా బాబూ?" అని మెల్లగా అడిగింది.

యోగానంద్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"గుర్తుందండీ. అక్కడ నార్త్ యార్క్‌లో, ఇంట్లో ఒక్కణ్ణే ఉంటా. తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. మీరు అడుగుతుంటే ఇంకోసారి విందామని..." అతనికి సిగ్గేసింది. "తప్పేలెండి. ఈసారి చెప్పేస్తా."

ఆమె శాలువా సరిచేసుకుని తన చోటికి వెళ్లింది.

"యాక్షన్!"

యోగానంద్ గుర్రం దిగి, కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఆమె అరచెయ్యి అతని చెంపను తాకింది.

"తిన్నావా నాన్నా?"

ఈసారి అతను చెప్పాడు.

"లేదమ్మా."

కిరీటి హమ్మయ్య అనుకున్నాడు. ఇక మిగిలింది ఆమె అనాల్సిన "రా, అన్నం పెడతా" ఒక్కటే. ఆమె మాత్రం అతని ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"కట్! ఏమైందాంటీ?"

"నా డైలాగ్ మర్చిపోయా బాబూ. మళ్లీ మొదట్నుంచీ అడుగుతా," అంది చాముండేశ్వరి, యోగానంద్ చెంప మీంచి చెయ్యి తియ్యకుండానే.