ఎవరూ లేవలేదు

1998 వేసవిలో ఒక మధ్యాహ్నం, చందాపుర దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతున్న రంజితకు పొగ వాసన తగిలింది. పక్క మిషను దగ్గరున్న చిక్కమ్మ వైపు వంగింది.

"అక్కా, ఏందో కాలతా ఉండాది గదా?"

చిక్కమ్మ హాలంతా చూసింది. అరవై మంది ఆడవాళ్ళు తలలు వంచుకుని కుడుతున్నారు.

"నిజంగా ఏమన్నా అయ్యుంటే ఇంతమంది ఊరికే కూచుంటారా? నువ్వు కుట్టమ్మా."

రంజిత మనసు కుదుటపడింది.

పొగ చిక్కబడింది. గొంతు మండింది. అయినా ఎవరూ లేవలేదు కాబట్టి తనూ లేవలేదు.

వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు.

"భయపడొద్దే. రంజితక్క కూచోనే ఉండాది, చూడు."

రంజిత ఉలిక్కిపడి తిరిగింది. అందరి చేతులూ కుడుతూనే ఉన్నాయి. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి.

"లేయండే!" అని అరిచింది.

అప్పటికే తలుపు కనిపించడం లేదు.