కూత పరీక్ష

"ఈ ఇంజను కూస్తే పెళ్లి. కూయకపోతే వచ్చిన దారినే వెళ్లు," అన్నాడు పిల్ల తండ్రి, అరచేతిలో ఇమిడేంత ఎర్ర రైలింజనును పట్టాల మీద పెడుతూ.

పిల్లని అడగడానికి వచ్చిన కుర్రాడు చుట్టూ చూశాడు. హాలంతా బొమ్మ రైలు పట్టాలే. సోఫా కింద సొరంగం, టీవీ పక్కన స్టేషను.

"అది కాదు మామయ్యగారూ..."

"మామయ్యని ఇంకా కాలేదు. దీని కడుపులో గోరంత చిప్పు ఉంటుంది. కూతకో నంబరు, లైటుకో నంబరు. ఏ కంపెనీ నంబర్లు ఆ కంపెనీవే. ఒకడు కూత పెట్టిన నంబరులో ఇంకొకడు లైటు పెట్టి చస్తాడు. మా మామగారు నాకూ ఇదే పరీక్ష పెట్టారు. ఒక్క దెబ్బకి కూయించా!" అంటూ ఆయన మీసం దువ్వుకున్నాడు.

పిల్ల బిస్కెట్లు నములుతూ కళ్లతోనే ధైర్యం చెప్పింది. కుర్రాడు బట్టీ పట్టి వచ్చిన నంబర్లన్నీ రిమోటులో టకటకా కొట్టాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు. ఇంకో కంపెనీవి కొట్టాడు. ఊహూఁ. కంగారులో తన ఫోన్ నంబరు కూడా కొట్టేశాడు.

"అయిందా?"

"ఒక్క నిమిషం సార్!" మామయ్యగారు కాస్తా సారైపోయారు. కళ్లు గట్టిగా మూసుకుని చేతికందిన మీట నొక్కేశాడు.

ఇల్లదిరిపోయేలా కూత!

"కూసింది! కూసేసింది!" కుర్రాడు ఎగిరి గంతేసి, ఆనందం పట్టలేక ఆయన్ని అమాంతం కౌగిలించుకున్నాడు.

ఆయన మెల్లగా విడిపించుకుని, చొక్కా జేబులోంచి గోరంత చిప్పు తీసి చూపించాడు.

"ఇది ఇక్కడుంటే అదెలా కూసింది నాయనా? ఏ ఇంజనునైనా ముందు 'నీది ఏ కంపెనీ' అని అడగాలి. రిమోటులో మీట నొక్కితే అదే చెబుతుంది. నువ్వు అడుగుతావో లేదో చూద్దామనే చిప్పు తీసేశా. అడిగుంటే జవాబు రాక, చిప్పే లేదని తెలిసేది. మరి కూసిందెవరు?"

కూతురి వైపు ఉరిమి చూశాడు. నోటి నిండా బిస్కెట్టుతో ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

పరదా తొలగించుకుని పిల్ల తల్లి బయటికొచ్చింది. రెండు వేళ్లూ ఇంకా పెదాల దగ్గరే ఉన్నాయి.

"నువ్వా! పరీక్షలో ఇంత మోసమా?"

"ఊరుకోండి, మరీ చెబుతారు! మా నాన్న ముందు మీ ఇంజను ఎలా కూసిందనుకున్నారు?"