రెండో రింగు

"మధ్యాహ్నం అజాన్ లోపు ప్రాజెక్టు రాలేదనుకోండి, ఆ షురూక్ పేరు కొట్టేస్తాను అబ్లా. ఇక నన్ను బతిమాలొద్దు," అన్నాడు హెడ్మాస్టరు రిఫాత్.

"కొట్టేయడం ఎంతసేపు ఉస్తాద్. మళ్ళీ రాయడానికే చెయ్యి రాదు," అంది రావియా, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

రావియా ఆ ఆడపిల్లల బడికి కౌన్సెలర్, అందరికీ 'అబ్లా', అంటే టీచరమ్మ. కరోనాకి బడి తాళం పడి పాఠాలు ఫోనుల్లోకి ఎక్కాక, ఇంటి దగ్గర చదువుకునే పిల్లల మంచిచెడ్డలు కనుక్కోవడం ఆవిడ పని. ఆ ఏడు పరీక్షలు లేవు. ఇంట్లో ప్రాజెక్టు రాసి పంపితే పాసు, లేకపోతే ఇంతే సంగతులు. మిన్యా చుట్టుపక్కల ఊళ్ళలో చదువాగిన పదిహేనేళ్ళ పిల్లని ఇంట్లో ఊరికే ఉంచరు, ఎవడో ఒకడికి కట్టబెడతారు. ఆ సంగతి రావియాకి తెలుసు, రిఫాత్‌కీ తెలుసు. తెలిసీ ఒకరు కొట్టేస్తానంటారు, ఒకరు ఆగమంటారు. అంతకు మించి ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు.

"పిల్ల బాగానే ఉంది. రోజూ రింగిస్తోంది," అంది రావియా.

"రింగులు చూసి పాసు చేయమంటారా?"

ఈ రింగుల పద్ధతి రావియా పెట్టిందే. మాట్లాడితే డబ్బులవుతాయి, మిస్డ్ కాల్‌కి ఏమీ అవదు. అందుకని పిల్లలందరికీ ముందే చెప్పి పెట్టింది. పొద్దున్నే ఒక్క రింగిస్తే బాగున్నానని. వెంటవెంటనే రెండిస్తే కష్టంలో ఉన్నాను, రమ్మని. "ఒకటి వస్తే నిశ్చింతగా టీ తాగుతాను. రెండొస్తే చెప్పులేసుకుంటాను," అని నవ్వించేది. షురూక్ ఇంట్లో ఉన్నది నాయనమ్మ బటన్ ఫోను ఒక్కటే. పాఠాల కోసం పక్కింటివాళ్ళ గడప తొక్కేది, వాళ్ళు విసుక్కున్న రోజు పాఠం లేదు. రింగు మాత్రం ఏనాడూ తప్పలేదు.

"ఒక్క పూట మానదు ఉస్తాద్. పండగ ముందురోజు రాత్రి అయితే రెండిచ్చింది."

"రెండిస్తే మీరు పరిగెత్తాలి కదా?"

"పండగ రింగులండీ అవి. ఆ రాత్రి ఊరంతా ఒకళ్ళకొకళ్ళు రింగులిచ్చుకోమూ? మీరు మాత్రం నాకు ఫోన్ చేసి పలకరించారా ఏమిటి, మీరూ రింగే ఇచ్చారు."

"దండగ ఖర్చెందుకని," అని గొణిగాడు రిఫాత్.

"నేను కహక్ బిస్కట్ల పిండిలో మోచేతుల దాకా ఉన్నాను. ఫోను ఒకటే మోత. తర్వాత చూసుకుంటే బోలెడన్ని పేర్లు, వాటి మధ్య షురూక్‌వి రెండు. నాకొకటి, మా అమ్మకొకటి అనుకుని మురిసిపోయాను. మర్నాటి నుంచి మళ్ళీ ఒక్కటే."

అంతలోనే ఆవిడ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. రావియా తెర మీది పేరు రిఫాత్‌కి చూపించి, గ్లాసందుకుని నింపాదిగా ఓ గుక్క తాగింది.

"సరే, పిల్ల బతికే ఉంది. ప్రాజెక్టు రాసిందా లేదా, అడగండి," అన్నాడాయన.

రావియా ఫోన్ చేసింది. కట్ చేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశారు.

"మీదీ ఉత్త రింగే అనుకుని కట్ చేస్తున్నారేమో. ఇదిగో, నా ఫోన్‌తో చేయండి. డబ్బులు నావే పోతాయి, పోనీండి."

ఈసారి ఎత్తారు. అవతల ముసలి గొంతు. ముసలావిడకి చెవుడు, మాటలు గదంతా వినబడుతున్నాయి.

"ఎవరూ?"

"నేను నాయనమ్మా, బడి అబ్లాని, రావియాని. షురూక్‌ని పిలవండి."

"నువ్వా తల్లీ. ఇప్పుడేగా రింగిచ్చాను, అందలేదా?"

"మీరిచ్చారా?"

"నేనే. రోజూ నేనేగా. పావురాలకి గింజలేసి, నీకు రింగిచ్చి, అప్పుడు నా పనిలో పడతాను."

"షురూక్ ఏదీ?"

"అత్తారింట్లో ఉందమ్మా. పండగ నాడే పెళ్ళి చేశాం. కరోనా రోజులని మేళం పెట్టలేదు, ఎవర్నీ పిలవలేదు. ఏమీ అనుకోకు."

రావియా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"పదిహేనేళ్ళే కదా నాయనమ్మా దానికి."

"షేకు నిఖా చదివాడు. కాగితాలు పద్దెనిమిది నిండాక రాయించుకుందాం అన్నారు. మంచివాళ్ళేనమ్మా, గేదెలున్నాయి."

రిఫాత్ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది రావియా.

"నువ్వు ఎప్పుడడిగావు తల్లీ? ఫోన్ చేసిందే ఇవాళ."

రావియాకి ఒళ్ళు మండిపోయింది. ముసలిదాని మీద కాదు, షురూక్ తండ్రి మీద. బడివాళ్ళు వచ్చి పెళ్ళి ఆపుతారని ఎంత నాటకం ఆడించాడు.

"రోజూ రింగివ్వమని మీ అబ్బాయి చెప్పాడా?"

"వాడికసలు ఈ సంగతే తెలీదు. షురూకే చెప్పింది."

"షురూకా? ఏమని?"

"గోరింటాకు పెట్టిన రాత్రి, ఆ చేతులతోనే నీకు రెండుసార్లు మోగించి, నీ చెప్పుల చప్పుడు కోసం తెల్లవార్లూ గుమ్మంలో కూర్చుంది తల్లీ, పొద్దున బండెక్కుతూ ఫోను నా చేతిలో పెట్టి, 'ఇక రోజూ ఒక్కసారే ఇవ్వు నాయనమ్మా, అబ్లా నిశ్చింతగా టీ తాగుతుంది' అంది."