కనపడని ర్యాకు

"ర్యాకు ఉండాలి. కానీ ఉన్నట్టు కనపడకూడదు."

మెకానిక్ పానా పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఎంత బరువు మొయ్యాలి?"

"పదిహేను కిలోల పెట్టె. బండికి ఒక్క చిల్లు పడకూడదు. పెయింటు పోకూడదు. సాయంత్రం విప్పేస్తే మచ్చ కూడా మిగలకూడదు."

"మీకు కావలసింది ర్యాకు కాదు బాబూ, దెయ్యం."

అతనికి నవ్వు రాలేదు. గోడ మీద గడియారం పదింపావు చూపిస్తోంది. పదకొండింటికల్లా రక్తపరీక్షల ల్యాబు దగ్గర ఉండాలి. ఊళ్ళో క్లినిక్కులన్నీ తిరిగి రక్తం శాంపిళ్ళు పట్టుకొచ్చే ఉద్యోగం. వెనక ర్యాకు ఉన్న బండితో రావాలి, పెట్టె కట్టుకుని నడిపి చూపించాలి అన్నారు.

బండి బావది. బావ ఆ బండిని అక్కకంటే ఎక్కువగా చూసుకుంటాడు. ఉద్యోగం వచ్చాక చెబితే బావ కాదనడు, రాకముందు చెబితే తాళం ఇవ్వడు. అందుకే ఏదో పనుందని అడిగి తెచ్చాడు.

బండి మీద గీత పడితే బావకు తెలుస్తుంది. బావకు తెలిస్తే అక్కకు, అక్కకు తెలిస్తే అతని భార్యకు. మూడు నెలలుగా ఆమె పొద్దున్నే లేచి క్యారేజీ కట్టి ఇస్తోంది. ఆఫీసువాళ్ళు అతన్ని తీసేసిన సంగతి ఆమెకు తెలియదు.

మెకానిక్ ఒక ర్యాకు తెచ్చాడు. మంచమంత ఉంది.

ఇంకోటి తెచ్చాడు. దానికి రెండు చిల్లులు పెట్టాలి.

మూడోదానికి వెల్డింగ్ కావాలి.

"మధ్యాహ్నం దాకా పడుతుంది మరి."

"మధ్యాహ్నమైతే నాకెందుకు బాబాయ్! ఇంకేం లేవా?"

"సన్నటి రకం ఒకటే ఉండేది. సీటు కింద ఉన్న బోల్టులకే పట్టేస్తుంది. పొద్దున్నే అమ్మేశాను. అదుగో, ఆయనకే."

కొట్టు ముందు ఒకాయన బండి తుడుచుకుంటున్నాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. బండి పాతదే గాని బావ బండి మోడలే. వంగి చూస్తే గాని దానికి ర్యాకు ఉందని తెలియలేదు.

అతను గబగబా దగ్గరికెళ్ళాడు.

"అన్నా, ఆ ర్యాకు నాకిచ్చేస్తారా?"

ఆయన నవ్వాడు. "ఇప్పుడే బిగించుకున్నా తమ్ముడూ. నాకూ పనుంది."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. మూడు నెలలుగా ఎవరికీ చెప్పనిదంతా, ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి గడగడా చెప్పేశాడు. ల్యాబు, పదకొండు గంటలు, బావ, క్యారేజీ, ఏదీ దాచలేదు.

ఆయన గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే విన్నాడు.

"మీకు పిల్లలున్నారా?"

"తొలి కాన్పు అన్నా. నెలలు నిండాయి. ఇవాళో రేపో."

ఆయన గుడ్డ సీటు మీద పడేశాడు. తర్వాత మెకానిక్ దగ్గర పానా అడిగి తీసుకుని తన బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"డబ్బు కొట్లో ఇచ్చెయ్. నేను ఇంకోటి తీసుకుంటాలే."

"మరి మీ పని?"

"చూసుకుందాంలే."

దానమిచ్చిన ఆవు పళ్ళు పట్టి చూడకూడదంటారు. అతను చూశాడు. ర్యాకును వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు, అతుకుల దగ్గర గోరుతో గీకాడు.

"ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారు, దీన్లో ఏదన్నా తేడా ఉందా అన్నా?"

ర్యాకు అందుకుని బావ బండికి బోల్టు బిగిస్తున్న ఆయన చెయ్యి ఆగింది.

"లేదు తమ్ముడూ. గట్టిదే."

పదిన్నర దాటింది. అతను బండెక్కాడు. కంగారులో థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు.

దారి పొడుగునా భయమే. స్పీడు బ్రేకరు వస్తే వెనక్కి చూశాడు. సిగ్నల్ దగ్గర సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. పాత సామానేదో అంటగట్టాడేమో. బోల్టు వదులుగా వదిలేశాడేమో. నా బుద్ధి గడ్డి తిని ఎవరినో నమ్మాను అని తనను తానే తిట్టుకున్నాడు.

ర్యాకు కిక్కురుమనలేదు.

ల్యాబు దగ్గర మేడమ్ నీళ్ళ సీసాలు పెట్టిన పెట్టె కట్టించింది. మూతలు లేని సీసాలు! గతుకుల సందులోంచి రెండు చుట్లు తిరిగి రమ్మంది. అతను ఊపిరి బిగబట్టి తిరిగొచ్చాడు.

ఆమె పెట్టె తెరిచి వేలితో అడుగు తడిమింది. తడి లేదు.

"ఇంతకీ ర్యాకు ఏదయ్యా?" అని వంగి చూసి, "బాగుందే!" అంది.

అతనికి ఇంకా ధైర్యం చాలలేదు. "ఇంకా ఎంతమంది రావాలి మేడమ్?"

"ఎవరూ లేరు. ఇద్దర్నే పిలిచాం. రెండో అతను ఇందాకే ఫోన్ చేశాడు. వేరే ఉద్యోగం దొరికిందట, రానన్నాడు. రేపట్నుంచి నువ్వు వచ్చెయ్."

 అతను కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"అదృష్టవంతుడు మేడమ్ ఆయన."

"ఏమో మరి. ఏడాదిగా ఖాళీగా ఉన్నాను, ఇద్దరు పిల్లలు, నన్ను మర్చిపోకండి అని నిన్నే మూడుసార్లు ఫోన్ చేశాడు. రాత్రికి రాత్రి ఎవరిచ్చారో ఉద్యోగం!"

ఆమె ఆ దరఖాస్తు తీసి దాని మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టింది.

గీత కింద ఫొటోలో ఉన్నది, గంట క్రితం తన బండి ర్యాకు విప్పి ఇచ్చిన మనిషి.