ఒకే ఇంట్లో రెండు బ్యాండ్లు

ఆ రోజు ఆ ఇంట్లో ఐదుగురున్నారు. కుట్టుమిషన్ ముందు అక్క. ఆమె పక్కన, షాపులకు బోర్డులు రాసే చెల్లెలు. పేపరు అడ్డం పెట్టుకుని ఏమీ విననట్టు కూర్చున్న అక్క మొగుడు. పదకొండు ఇళ్ళ నుంచి వెనక్కి తీసుకున్న చేతి బ్యాండ్లున్న అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డ కంపెనీ ఆఫీసరు. ఆ బ్యాండును కనిపెట్టిన యూనివర్సిటీ ప్రొఫెసరమ్మ.

"చేతులు చాపండమ్మా, బ్యాండ్లు విప్పేస్తాను," అన్నాడు ఆఫీసరు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు వీపు వెనక్కి దాచుకున్నారు.

"విప్పనివ్వం."

"అవి కంపెనీవి."

"బ్యాండు కంపెనీదేమో, చెయ్యి మాది," అంది అక్క.

ఆఫీసరు నిట్టూర్చి ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మేడమ్. లేదా ఈ కాగితం మీద సంతకం పెట్టండి. బ్యాండు పనిచెయ్యలేదని మీరే ఒప్పుకుంటే వీళ్ళూ వింటారు."

"పెట్టను."

ప్రొఫెసరమ్మ నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చేతి వణుకు మెదడులో ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడానికి ఆమెకు ఎనిమిదేళ్ళు పట్టింది. మణికట్టు దగ్గర సన్నగా కరెంటు తగిలించి దాన్ని ఆపే బ్యాండు చేసింది. యూనివర్సిటీ చెయ్యగలిగింది అంతవరకే. వేలమంది చేతులకు చేరాలంటే కంపెనీ కావాలి. ఆ కంపెనీయే ఇవాళ చేతులు దులుపుకుంటోంది.

"ఫలితాలు చూశారు కదా మేడమ్. ఈ వణుకు కుటుంబంలో వచ్చే జబ్బు కాబట్టి, ఒకే ఇంట్లో ఉండే తోడబుట్టినవాళ్ళనే జతలుగా తీసుకున్నాం. ఒకరికి అసలు బ్యాండు, ఒకరికి ఉత్తది. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరిది ఏదో వాళ్ళకీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. నర్సు వారానికోసారి చెప్పాపెట్టకుండా వెళ్ళి ఇద్దరి చేతా సున్నాలు గీయించింది. ఇవిగో!"

కాగితాలు బల్ల మీద పరిచాడు.

"పెద్దావిడ సున్నా ఒక వారం గుండ్రంగా, ఇంకో వారం ముళ్ళతీగలా. చిన్నావిడదీ అంతే. పన్నెండు ఇళ్ళలోనూ ఇదే తంతు. అసలుది ఇచ్చినవాళ్ళకీ ఉత్తది ఇచ్చినవాళ్ళకీ పిసరంత తేడా లేదు."

"ఉత్త బ్యాండు ఇచ్చినవాళ్ళకు సగం వారాలు చెయ్యి ఎలా నిలిచింది మరి?"

"నమ్మకం మేడమ్. ఏదో కట్టుకున్నాం కదా అన్న నమ్మకం."

"నమ్మకంతో సూదిలో దారం ఎక్కుతుందా?"

ఆ గొంతు తనదేనా అని ప్రొఫెసరమ్మకే ఆశ్చర్యం వేసింది.

పేపరు కొద్దిగా కిందికి దిగింది. "ఎక్కదమ్మా," అన్నాడు అక్క మొగుడు. "నాలుగేళ్ళు నేను ఈవిణ్ణి నమ్ముకునే ఉన్నాను. నా చొక్కాకి ఒక్క గుండీ పడలేదు. ఈ బ్యాండు వచ్చాకే పడింది."

"మీరు పేపరు చదువుకోండి," అంది అక్క. పేపరు మళ్ళీ పైకి లేచింది.

ఆఫీసరు జేబులోంచి సీలు వేసిన కవరు తీసి చింపాడు. "ఇంక దాపరికం ఎందుకు? అసలుది పెద్దావిడకిచ్చాం. చిన్నావిడది ఉత్త ప్లాస్టిక్కు. ఏమ్మా, కనీసం మీరు ఇచ్చెయ్యండి. అది పనిచెయ్యదు."

చెల్లెలు తొణకలేదు. "పనిచెయ్యనిది మీకు మాత్రం ఎందుకు?"

పేపరు వెనక నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"సరే. రేపు లాయరుతో వస్తాను," అని ఆఫీసరు పెట్టె చంకన పెట్టుకున్నాడు. "మేడమ్, రేపటికి సంతకం లేకపోతే మీ ల్యాబుకి మేమిచ్చిన మిషన్లన్నీ పట్టుకుపోతాం."

"పట్టుకుపొండి. బల్లలు, కుర్చీలు కూడా తీసుకెళ్ళండి. నేల మీద కూర్చుని చేస్తాను."

"చేసి ఎవరికిస్తారు? మేము వద్దన్నాక ఏ కంపెనీ ముట్టుకుంటుంది?"

"ముట్టుకునేవాళ్ళు దొరికేదాకా ఒక్కో గుమ్మం ఎక్కుతాను. సంతకం మాత్రం పెట్టను."

ఆఫీసరు విసవిసా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రొఫెసరమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"అమ్మా, మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను. ఒక్క నిజం చెప్పండి. చెయ్యి ఒకరోజు ఎందుకు నిలుస్తోంది, ఇంకోరోజు ఎందుకు నిలవడం లేదు? అది తెలిస్తే చాలు, ఆ కంపెనీ మెడలు వంచుతాను. తెలియకపోతే నా బ్యాండు నా బీరువాలోనే ఉండిపోతుంది. మీలాంటివాళ్ళు ఎంతమందో గ్లాసెడు నీళ్ళు ఒలక్కుండా తాగలేక అలాగే ఉండిపోతారు."

అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెల్లెలు ఏదో అనబోయింది. అక్క మోచేత్తో పొడిచింది.

"నువ్వు మంచిదానివే తల్లీ," అంది అక్క, ప్రొఫెసరమ్మ భుజం పట్టుకుని మెల్లగా గడప దాటిస్తూ. "కానీ ఆయన కారులోనే వచ్చావు, ఆయన కారులోనే పోతావు. మేమేం చెప్పినా బ్యాండ్లు లాక్కోవడానికి అదో వంక అవుతుంది. మేము ఇవ్వం, చెప్పం. వెళ్ళిరా."

"నేను లాక్కోవడానికి రాలేదమ్మా! సంతకం పెట్టనని మీ ముందే చెప్పాను కదా!"

అక్క వినిపించుకోలేదు. ప్రొఫెసరమ్మ ముఖం మీదే తలుపు వేసేస్తూ, లోపలికి తిరిగి చెల్లెలి మీద కేకేసింది.

"ఇంక విప్పవే ఆ అసలుది! నిన్నంతా నువ్వే కట్టుకున్నావు, ఇవాళ నా రోజు!"